లంబసింగి దాకా సైకిల్ మీద ఒక్కడినే వెళ్ళొద్దామని ఉంది, ఇంట్లో ఏం చెప్పను?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. అనకాపల్లిలో హైస్కూల్లో లెక్కలు చెప్తాను. డాక్టర్ గారు బీపీకి మాత్ర రాసి రోజూ నడవమన్నారు, నడక నాకు పడక గేర్ల సైకిల్ కొన్నాను, 21 గేర్లది, లావు టైర్లది. ఆదివారాలు 40, ఒక్కోసారి 60 కిలోమీటర్లు తొక్కుతున్నా కానీ అంతా ప్లెయిన్ రోడ్డే. మా అత్తగారి ఊరు నర్సీపట్నం. ఈ చలికాలం అక్కడ పొద్దున్నే బయల్దేరి లంబసింగి ఎక్కి సాయంత్రానికి దిగిపోవాలని కోరిక. ఒక్కడినే వెళ్ళాలని ఉంది. మా ఆవిడ ససేమిరా అంటోంది, 'దార్లో పడితే ఎవరు చూస్తారు' అని. ఫ్రెండ్‌తో వెళ్తున్నానని చెప్పి వెళ్ళిపోదామా అనిపిస్తోంది. అసలు నా వల్ల అవుతుందా? వచ్చేటప్పుడు కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి కూడా చూసి రావచ్చా?

సమాధానం:

మాస్టారూ, మీ వల్ల అవుతుంది. ప్లెయిన్ మీద 60 కిలోమీటర్లు తొక్కి మర్నాడు బడికి వెళ్ళగలుగుతున్న మనిషికి ఒకటిన్నర నెల ప్రాక్టీసు చేస్తే లంబసింగి అందుతుంది, ఆ సంగతి వివరంగా చెప్తాను. కానీ ముందు ఆ ఫ్రెండ్ అబద్ధం సంగతి తేల్చుకుందాం. అది మాత్రం వద్దు.

భార్యకి అబద్ధం చెప్పడం మంచిదా చెడ్డదా అని నీతి చెప్పడానికి కాదు. ఒంటరిగా కొండెక్కే మనిషికి ఉన్న రక్షణ అంతా ఒక్కటే, తను ఎక్కడున్నాడో ఎన్నింటికి తిరిగి రావాలో ఇంటి దగ్గర ఒకరికి కచ్చితంగా తెలిసుండటం. హెల్మెట్ దాని తర్వాతే. ఘాట్‌లో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మలుపులో జారి కాలు విరిగితే మీ అంతట మీరు కబురు చేయలేకపోవచ్చు, అప్పుడు 'నాలుగైంది, ఇంకా రాలేదు, ఏదో అయింది' అని గుర్తుపట్టి కదలాల్సింది మీ ఆవిడే. పక్కన ఫ్రెండ్ ఉన్నాడనుకుంటే ఆవిడ ఏడింటి దాకా కూడా 'ఇద్దరూ టీ తాగుతూ కూర్చునుంటార్లే' అని ఊరుకుంటుంది. మీరు చెప్పిన అబద్ధం వల్ల మీకోసం వెతకడం మూడు గంటలు లేటవుతుంది. పైగా ఆవిడ అడిగింది సరైన ప్రశ్న, పడితే ఎవరు చూస్తారు అని. దానికి మీ దగ్గర జవాబు లేదు కాబట్టే అబద్ధం తోచింది, జవాబు ఉంటే ఆవిడ ఒప్పుకునే అవకాశం చాలా ఎక్కువ.

ఆ జవాబు ఇలా తయారు చేసుకోండి. ఒక కాగితం మీద ఎన్నింటికి బయల్దేరుతున్నారో, ఘాట్ కింద ఉన్న డౌనూరు ఎన్నింటికి చేరతారో, పైకి ఎన్నింటికి, వెనక్కి తిరిగేది ఎన్నింటికి, ఇంటికి ఎన్నింటికి అని రాసి ఆవిడ చేతికివ్వండి. డౌనూరు దగ్గర ఒక ఫోన్, పైన ఊళ్ళోకి వెళ్ళాక ఒక ఫోన్, దిగడం మొదలెట్టే ముందు ఒకటి, మళ్ళీ కింద డౌనూరులో ఒకటి. మధ్యలో ఫోన్ కలవకపోతే కంగారు పడొద్దని కూడా చెప్పండి, లేకపోతే పాపం రెండు గంటలు ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుంది. కానీ సాయంత్రం నాలుగు దాటినా మీ నుంచి కబురు లేకపోతే ఏం చేయాలో కూడా అందులోనే రాయండి, మీ బావమరిదో ఎవరో బండేసుకుని అదే రోడ్డున ఎదురు రావాలి, 112కి ఫోన్ చేయాలి. మీ అత్తగారి ఊరే కాబట్టి కదిలొచ్చే మనుషులున్నారు, ఈ విషయంలో మీరు చాలామంది కంటే నయం.

ఇక ఒక్కడినే ఎందుకు అని నేను అడగను. రోజంతా యాభై మంది పిల్లల మధ్య గొంతు చించుకునే మనిషికి ఒక్క రోజు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలనిపించడంలో వింత లేదు. సైకిల్ పరంగా చూసినా ఎక్కుడు ఒంటరిగా ఎక్కడమే మేలు, పక్కన ఇంకొకరుంటే తెలియకుండానే వాళ్ళ స్పీడుకి పోతాం, మొదటి నాలుగు కిలోమీటర్లలో ఊపిరి అయిపోతుంది, మిగతాదంతా తోసుకుంటూ నడవడమే.

లెక్కల మాస్టారు కాబట్టి లెక్కలోనే చెప్తా. నర్సీపట్నం సముద్రమట్టానికి అటూ ఇటూగా 60 మీటర్ల ఎత్తు, లంబసింగి దాదాపు 1000. దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు కానీ దూరాన్ని చూసి మోసపోకండి, మీరు ఎక్కాల్సింది 900 మీటర్ల పైన. వైజాగ్‌లో కైలాసగిరి ఎత్తు 173 మీటర్లు, అలాంటివి ఐదు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. నర్సీపట్నం దాటాక కొంత దూరం పొలాలు, జీడిమామిడి తోటలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు, ఇక్కడ సైకిల్ హాయిగా పోతుంది కాబట్టి మనసు ఉరకలేస్తుంది, ఇక్కడే తగ్గించుకోవాలి. డౌనూరు దాటాక అసలు ఘాట్.

మీ బరువు, సైకిల్, బ్యాగు, నీళ్ళు అన్నీ కలిపి 90 కిలోలు అనుకుందాం. 90ని 9.8తో, 900తో గుణిస్తే దగ్గర దగ్గర 8 లక్షల జౌల్స్. దీన్ని రెండున్నర గంటల్లో పైకి మోస్తే సగటున 90 వాట్లు, టైరు రాపిడి గట్రా కలిపితే వంద దాటుతుంది. మీలా తొక్కే అలవాటున్న మనిషికి వంద వాట్లు కష్టమేం కాదు. అదే పని గంటంబావులో చేసేద్దామనుకుంటే మాత్రం రెండు వందలు కావాలి, అది మీ దగ్గర ప్రస్తుతానికి లేదు. కాబట్టి పైకి స్పీడు గంటకి ఆరేడు కిలోమీటర్లు, అంతే, గట్టిగా నడిచే మనిషి మీకు కొంచెమే వెనకుంటాడు. అలా వెళ్తుంటే చిన్నతనంగా అనిపించొచ్చు, కానీ కొండ ఎక్కే పద్ధతే అది.

ఆ స్పీడులో పెడల్ తిరగాలంటే చిన్న గేరు కావాలి. ముందు చిన్న పళ్ళ చక్రానికి, వెనక అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. మీలాంటి సైకిళ్ళలో తరచుగా ముందు 28, వెనక 28 ఉంటాయి, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు, సుమారు రెండు మీటర్లు. నిమిషానికి 55 చుట్లు తిప్పితే గంటకి ఏడు కిలోమీటర్లు, సరిగ్గా మనకి కావాల్సిందే. ముందు 24 ఉంటే ఇంకా మంచిది. ఘాట్ మొదలయ్యే ముందే ప్లెయిన్ మీద ఉండగానే ఆ గేరులోకి వచ్చేయండి, ఎక్కుడు మధ్యలో బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైన్ కటకటలాడి పడిపోతుంది, ఒక్కోసారి తెగుతుంది. సీటు ఎత్తు కూడా సరిచూసుకోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు నిటారుగా రావాలి. చాలామంది సీటు కిందకి దించుకుని తొక్కుతారు, ప్లెయిన్ మీద తెలీదు, రెండు గంటలు ఎక్కేసరికి మోకాలి ముందు భాగం పట్టేస్తుంది.

బీపీ మాట మర్చిపోలేదు. వెళ్ళేముందు మీ డాక్టర్ దగ్గరకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి, 'కొండ మీదకి రెండు మూడు గంటలు సైకిల్ ఎక్కబోతున్నా' అని. 'కొంచెం ఎక్సర్‌సైజ్ చేస్తున్నానండీ' అంటే ఆయన నడక అనుకుంటాడు. ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్టు రాస్తే చేయించుకోండి. ఆ రోజు మాత్ర మానకండి. బీపీ మాత్రల్లో కొన్ని రకాలు గుండె వేగాన్ని అదుపులో పెడతాయి, మీది అలాంటిదైతే చేతి వాచీలో చూపించే గుండె నంబర్లు చూసి 'ఇంకా తొక్కొచ్చు' అనుకోకండి. మాటే మంచి కొలత, పూర్తి వాక్యం ఒకటి ఆయాసం లేకుండా పైకి అనగలిగితే స్పీడు సరిగ్గా ఉన్నట్టు, మూడు మాటలకే ఊపిరి తెగుతుంటే తగ్గించాలి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, కళ్ళు తిరగడం, చల్లచెమట, వీటిలో ఏది వచ్చినా దిగి కూర్చుని 108కి చేయండి, సిగ్నల్ లేకపోతే వచ్చే మొదటి బండిని ఆపండి. ఏజెన్సీ రోడ్డులో ఆపితే ఆగుతారు.

తిండి. ఘాట్ వరకే మీ ఒంట్లో 850, 900 కేలరీలు ఖర్చవుతాయి, ఎందుకంటే తిన్నదాంట్లో పావు వంతు కూడా పెడల్ దాకా రాదు, మిగతాదంతా వేడి కింద పోతుంది. పొద్దున ఇడ్లీలో ఉప్మానో తిని ముప్పావుగంట ఆగి బయల్దేరండి. దార్లో ఆకలేసే దాకా ఆగకుండా ప్రతి నలభై నిమిషాలకి ఒక అరటిపండో ఒక పల్లీ చిక్కీనో. అనకాపల్లిలో ఉండి బెల్లం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, చిన్న ముక్క జేబులో ఉంటే ఆఖరి మూడు కిలోమీటర్లలో పనికొస్తుంది. నీళ్ళు రెండు సీసాలు, ముప్పావు లీటరువి. ఓఆర్ఎస్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి బీపీకి పర్లేదా అని ఆ డాక్టర్నే అడగండి, తాగమంటే పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి, సీసాలో సగం నీళ్ళు పోసి చిక్కగా కలపడం తప్పు.

ఇప్పుడు మీరు అడగనిది. మీ ఉత్తరమంతా ఎక్కడం గురించే ఉంది, నాకు భయం దిగడం గురించి.

పైకి మోసిన ఆ 8 లక్షల జౌల్స్ ఎక్కడికీ పోవు. రెండున్నర గంటలు కాళ్ళతో పెట్టిందంతా దిగేటప్పుడు ముప్పావుగంటలో బయటికి పోవాలి, కొంత గాలికి పోతుంది, మిగతాదంతా మీ బ్రేకుల్లోకి వేడిగా పోతుంది. రిమ్ముని పట్టే రబ్బరు బ్రేకులైతే, వేళ్ళు తీయకుండా మెల్లగా నొక్కి పట్టుకునే దిగితే రిమ్ము కాలిపోతుంది, లోపల ట్యూబులో గాలి వ్యాకోచిస్తుంది, మలుపు మధ్యలో ఢాం అంటుంది. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది, లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. పద్ధతి ఏంటంటే, తిన్నటి రోడ్డులో సైకిల్‌ని కొంచెం వదిలి, మలుపుకి ముందే రెండు బ్రేకులూ గట్టిగా వేసి స్పీడు తగ్గించి, మలుపులో బ్రేకు వదిలేసి తిరిగి, మళ్ళీ అదే. నొక్కడం, వదలడం. మలుపులో వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారి మనిషి నేల మీద ఉంటాడు. రెండు మూడు కిలోమీటర్లకి ఒకసారి కల్వర్టు దగ్గర ఆగి రిమ్ముకి దగ్గరగా వేలు పెట్టి చూడండి, తాకొద్దు, వేడి తెలిసిపోతుంది. చల్లారేదాకా నీళ్ళు తాగుతూ కూర్చోండి, చేతులకి కూడా విశ్రాంతి, అంతసేపు లివర్లు నొక్కితే వేళ్ళు తిమ్మిరెక్కిపోతాయి.

ఎడమ వైపు తిరిగే మలుపుల్లో మనకి కొండ పక్క ఉంటే లోపలి అంచున కొండ మీంచి జారిన సన్న కంకర, ఎండుటాకులు చేరి ఉంటాయి, కొన్ని చోట్ల ఊట నీళ్ళు రోడ్డు మీదకి కారి నాచు పడుతుంది. ఎక్కేటప్పుడు నెమ్మదిగా పోతారు కదా, అప్పుడే ఏ మలుపులో ఏముందో చూసి పెట్టుకోండి, దిగేటప్పుడు అంత తీరిక ఉండదు. ఎదురుగా ఆర్టీసీ బస్సు గానీ లారీ గానీ వస్తే మలుపులో రోడ్డంతా దానికే కావాలి, వాళ్ళ తప్పు కాదు, బండి పొడుగు అంత. హారన్ వినబడగానే మలుపుకి ముందే ఎడమకి ఆగిపోండి. ఆ రోజు చెవిలో పాటలు వద్దు, ఈ హారన్ కోసమే.

అందుకే వెనక్కి తిరిగే టైము మధ్యాహ్నం పన్నెండున్నర అని పెట్టుకోండి. ఊరు ఇంకా రెండు కిలోమీటర్లే ఉందనిపించినా సరే, పన్నెండున్నరకి ఎక్కడుంటే అక్కణ్ణుంచే వెనక్కి. డిసెంబరులో అక్కడ పొద్దు ఆరుంబావు దాటాక పొడిచి, సాయంత్రం ఐదున్నరకల్లా గుంకుతుంది, కొండ మధ్యలో నీడ ఇంకా ముందే పడిపోతుంది. పన్నెండున్నరకి తిరిగితే ఒక పంక్చర్, ఒక చైన్ తెగడం, అరగంట వర్షం, ఇవన్నీ తట్టుకునే టైము మీ చేతిలో ఉంటుంది. రెండింటికి తిరిగితే ఇందులో ఏ ఒక్కటి జరిగినా చీకట్లో ఘాట్ దిగాలి. ఇది మీ ఆవిడకి రాసిచ్చే కాగితంలో అన్నిటికంటే ముఖ్యమైన గీత, దాన్ని మాత్రం జరపకండి.

ఏ రోజు వెళ్ళాలి? ఆదివారం వద్దే వద్దు. డిసెంబరు, జనవరిలో శని ఆదివారాలు మంచు చూడ్డానికి వైజాగ్, రాజమండ్రి వైపు నుంచి కార్లు తెల్లారేసరికి పైకి చేరతాయి, రాత్రంతా నిద్రలేని డ్రైవర్లు తొమ్మిది, పది మధ్య దిగుతుంటారు, సరిగ్గా మీరు ఎక్కే టైము. భోగి నుంచి కనుమ దాకా ఇంకా ఘోరం. స్కూల్ సెలవుల్లో వారం మధ్య రోజు చూసుకోండి, లేకపోతే ఒక సీఎల్ పెట్టండి. పొద్దున ఆరున్నరకి, వెలుగొచ్చాక బయల్దేరండి, అంతకంటే ముందొద్దు. సూర్యోదయం, మబ్బుల సముద్రం ఫోటోలు చూసి నాలుగింటికి బయల్దేరాలని బుద్ధి పుడుతుంది, పొగమంచులో పది మీటర్ల అవతల సైకిల్ కనబడదు, వెనక ఎర్ర లైటున్నా అంతే. ఏజెన్సీలో వారపు సంత రోజుల్లో జీపులు కిక్కిరిసి తిరుగుతాయి, దార్లో సంత ఏ రోజో అత్తగారింట్లో కనుక్కుని ఆ రోజు తప్పించండి.

చలి గురించి. కిందకీ పైకీ ఆరేడు డిగ్రీలు తేడా ఉంటుంది. ఎక్కేటప్పుడు చెమటకి పల్చటి చొక్కా చాలు, కానీ పైకి చేరాక అదే తడి చొక్కాతో దిగితే గాలికి పళ్ళు టకటకలాడతాయి, వేళ్ళు కొయ్యబారతాయి, వేళ్ళు కదలకపోతే బ్రేకు లేదు. కాబట్టి ప్లాస్టిక్ కవర్లో ఒక పొడి బనీను, గాలి దూరని పల్చటి జాకెట్, వేళ్ళన్నీ కప్పే గ్లవ్స్. బ్యాగులో ఇంకేం లేకపోయినా ఇవి ఉండాలి. రిపేరుకి ఒక కొత్త ట్యూబ్, టైరు ఊడదీసే లివర్లు, చిన్న పంపు, బోల్టులు విప్పే అలెన్ కీలు. ట్యూబ్ మార్చడం ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు చేసి చూడండి. ముఖ్యంగా కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల చుట్టూ బొటనవేలితో మెల్లగా తడమాలి, ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది చాలాసార్లు, దాన్ని తీయకుండా ఎక్కించేస్తే అర కిలోమీటరులో రెండో ట్యూబూ పోతుంది. ఇంకా ఐదారు వందలు చిల్లర నోట్లు. సైకిల్‌ని ఆటోలో వేసుకుని దిగాల్సి రావచ్చు, అందులో నామోషీ ఏం లేదు, దాన్ని కూడా ప్లానులో భాగంగానే మీ ఆవిడకి చెప్పండి, ఆవిడకి సగం ధైర్యం అక్కడే వస్తుంది.

ప్రాక్టీసుకి, ఈ ఆరు వారాల్లో నాలుగు ఆదివారాలు వైజాగ్ వెళ్ళి కైలాసగిరి రోడ్డు ఎక్కండి, పొద్దున్నే, సైకిల్ వదులుతారా అని గేటు దగ్గర అడిగి. మొదటి వారం ఒకసారి, తర్వాత రెండు, మూడు. ఎక్కడం కంటే దిగడమే మీకు అక్కడ నేర్చుకోవాల్సింది. మూడుసార్లు ఎక్కి దిగి కాళ్ళు వణకకుండా ఉన్న రోజు మీరు రెడీ. ఆఖరి వారం ఏమీ తొక్కకండి.

పైన ఎక్కువసేపు ఉండకపోయినా ఒక అరగంట కూర్చోండి. ఆ పొలాల్లో వలిసె పూలు ఇంకా ఉంటే పసుపు పచ్చగా ఉంటుంది, కాఫీ తోటలు, వాటి నీడకి వేసిన చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు, మీకు కావాల్సిన నిశ్శబ్దం వారం మధ్యలో అక్కడ దొరుకుతుంది. బొంగులో చికెన్ తినాలనిపిస్తే తినండి కానీ కొంచెం, నిండు కడుపుతో వంగి బ్రేకులు పట్టుకోవడం కష్టం.

మీరు అల్లూరి పేరెత్తారు కాబట్టి ఒక మాట. ఆయన్ని చూడాలంటే కృష్ణదేవిపేట దాకా వెళ్ళక్కర్లేదు, మీరు తొక్కబోయే రోడ్డే ఆ కథలో ఉంది. నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ మనుషుల చేత బలవంతంగా, న్యాయమైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు, ఎదురుతిరిగినవాళ్ళని కొట్టించాడు. ఆ మంట తిరుగుబాటుకి ఒక పెద్ద కారణం, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో అది బయటపడింది. ఆయాసపడుతూ ఎక్కుతున్నప్పుడు ఈ కొండని తొలిచినవాళ్ళు గుర్తొస్తే మంచిదే. దార్లో వాళ్ళ మనవల ఇళ్ళ ముందు ఆగితే పలకరించండి, అడక్కుండా ఫోటోలు తీయకండి.

సమాధికి మాత్రం అదే రోజు వద్దు. దారి పక్కకి తిరిగి వెళ్ళి రావాలి, దిగొచ్చాక కాళ్ళలో బలం ఉండదు, మీ కాగితం మీద టైమూ ఉండదు. సంక్రాంతికి అత్తగారింటికి వెళ్ళినప్పుడు ఆవిడనీ పిల్లల్నీ తీసుకుని బండి మీద వెళ్ళండి, 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో పట్టుకుని ఎలా కాల్చేశారో పిల్లలకి అక్కడే చెప్పొచ్చు.